రిమ్ము పెరిగితే గాలి తగ్గుతుంది

హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వెళ్లినవాళ్లు అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ దగ్గర కాసేపు ఆగకుండా రారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోసమని చేయించిన బండి అది. 1911లో ఆయన కన్నుమూయడంతో, 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ సవారీకి దక్కింది. అందరి చూపూ వెనకవైపు సింహాసనంలా అమర్చిన సీటు మీదికే పోతుంది. చక్రాల వైపు చూసేవాళ్లు తక్కువ. ఆ తరం సిల్వర్ ఘోస్ట్‌ల టైర్లు నేల నుంచి దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తుండేవి. ఇవాళ్టి చిన్న కారు టైరు ఎత్తు 62 సెంటీమీటర్లే. అప్పటి పొడుగు చక్రాలు దర్జా కోసం పెట్టినవి కావు. చక్రం ఎంత ఎత్తుంటే గుంతలోకి అంత తక్కువ దిగుతుంది, రాయి మీదికి అంత వాలుగా ఎక్కుతుంది. సరైన రోడ్లు లేని కాలానికి అదే మందు.

ప్యాలెస్ బయటికొచ్చి ఖిల్వత్ నుంచి షా అలీ బండా వైపు నడుస్తుంటే, పదిహేడు అంగుళాల అల్లాయ్ వీల్స్ తొడుక్కున్న స్విఫ్ట్ ఏదో ఒకటి పక్కనుంచి పోతుంది. ‘పెద్ద చక్రాలు వేయించాడు’ అంటారు చూసినవాళ్లు. నిజానికి చక్రం ఏమీ పెద్దది కాలేదు. నేల నుంచి దాని ఎత్తు మునుపటి 62 సెంటీమీటర్లే. లోపల లోహం పెరిగింది, బయట రబ్బరు సన్నబడింది, రెంటి మధ్యా ఉండే గాలి తగ్గింది. నిజాం కారు చక్రం రోడ్డును చూసి పెరిగితే, ఈ రిమ్ము రోడ్డును చూడకుండా పెరిగింది.

చిన్న స్పోర్ట్స్ కారు అనే మాటకు మన దగ్గర అర్థం వేరు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మజ్దా ఎంఎక్స్-5. 1989లో వచ్చిన ఆ కారును మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. కాబట్టి కుర్రకారు ముచ్చటంతా మన దగ్గర 2005లో వచ్చిన స్విఫ్ట్ మీదా, 2022లో ఇక్కడ తయారీ ఆగిపోయిన పోలో మీదా, ఈమధ్య ఐ20 ఎన్ లైన్ మీదా తీర్చుకుంటారు. ఇందులో ఒక తమాషా ఉంది. స్విఫ్ట్‌కూ ఆ తొలి ఎంఎక్స్-5కూ చక్రం బిగించే కొలతలు దాదాపు ఒకటే: నాలుగు నట్లు, వంద మిల్లీమీటర్ల వలయం. మలుపుల్లో ఒదిగిపోవడంలో దానికి సాటి లేదని ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ మజ్దా ఎన్ని అంగుళాల చక్రాలతో బయటికొచ్చిందో తెలుసా? పద్నాలుగు. టైరు 185/60.

ఆ అంకెల సంగతి ముందు తేల్చుకుందాం, మిగతాదంతా దానిమీదే ఆధారపడి ఉంది. టైరు పక్కన 185/65 ఆర్15 అని ఉంటే, వెడల్పు 185 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 120 మిల్లీమీటర్లు. 15 అనేది రిమ్ము వ్యాసం అంగుళాల్లో, అంటే 381 మిల్లీమీటర్లు. పైన ఒక గోడ, కింద ఒక గోడ కలిపితే మొత్తం ఎత్తు 621. స్విఫ్ట్ పై మోడళ్లకు కంపెనీ ఇచ్చేది ఈ సైజే. కింది మోడల్‌కు ఇచ్చే 165/80 ఆర్14 లెక్క కట్టండి, 620 వస్తుంది. 195/55 ఆర్16 అయితే మళ్లీ 621. షాపువాళ్లు పదిహేడు అంగుళాలకు సూచించే 205/45 అయితే 616. నాలుగింటి ఎత్తూ ఇంచుమించు ఒకటే. ఇది యాదృచ్ఛికం కాదు. స్పీడోమీటరు, ఏబీఎస్, గేర్ల లెక్క అన్నీ చక్రం ఒక్క చుట్టులో ఎంత దూరం పోతుందన్న దాని మీద నడుస్తాయి. ఎత్తు మూడు శాతానికి మించి తేడా రాకూడదని టైర్లవాళ్లు పాటించే నియమం అందుకే. మారేది పక్కగోడే. పద్నాలుగుకు 132 మిల్లీమీటర్లు, పదిహేనుకు 120, పదహారుకు 107, పదిహేడుకు 92.

(చక్రం సైజు మీద మోజు పాతబస్తీకి కొత్త కాదు. బహదూర్‌పురాలో చిత్రవిచిత్రమైన కార్ల మ్యూజియం పెట్టిన సుధాకర్ 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్ రికార్డు కొట్టారు. దాని చక్రం వ్యాసం కూడా పదిహేడే, కాకపోతే అడుగులు.)

ఇక గాలి దగ్గరికొద్దాం. కారును మోసేది రిమ్మూ కాదు, రబ్బరూ కాదు, లోపల ఒత్తిడితో ఉన్న గాలి. నలుగురు ఎక్కిన స్విఫ్ట్‌లో ముందు చక్రం ఒక్కోదాని మీద దాదాపు 330 కిలోల భారం పడుతుంది. టైరులో 33 పాయింట్ల గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోలు. భాగిస్తే 140 చదరపు సెంటీమీటర్లు. అటు పన్నెండు, ఇటు పన్నెండు సెంటీమీటర్ల చతురస్రం అనుకోండి. బ్రేకు పడినా, మలుపు తిరిగినా నేలకూ బండికీ సంబంధం ఆ నాలుగు చతురస్రాలే.

గుంత అంచు తగలగానే పక్కగోడ నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడే దెబ్బను తాగేస్తుంది. దెబ్బలో ఉన్న శక్తిని 120 మిల్లీమీటర్ల గోడ నెమ్మదిగా తీసుకుంటుంది. 92 మిల్లీమీటర్ల గోడకు అంత చోటు లేదు, కాబట్టి అదే శక్తిని ఎక్కువ బలంగా, తక్కువ దూరంలో ఆపాలి. ఆపలేకపోతే? రిమ్ము అంచు పైనుంచీ, రాతి అంచు కిందనుంచీ పట్టకారులా మూసుకుంటాయి. రబ్బరు సాగుతుంది కాబట్టి బయటికి గీత కూడా పడకపోవచ్చు. లోపల గోడలో నిలువుగా పరిచిన పాలిస్టర్ తాళ్లు మాత్రం తెగిపోతాయి. తాళ్లు తెగినచోట గాలిని పట్టి ఉంచేది ఒట్టి రబ్బరే. రెండు మూడు రోజుల్లో అక్కడ నిమ్మకాయంత ఉబ్బు తేలుతుంది. పంక్చర్ షాపులో ‘బుడగొచ్చింది’ అనేది దీన్నే. దానికి ప్యాచీ లేదు, టైరు తీసెయ్యాల్సిందే. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడులో ఆ బుడగ పగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పాతబస్తీ రోడ్లు ఈ పరీక్షను రోజూ పెడతాయి. రోడ్డు వేసిన ప్రతిసారీ నాలుగు వేళ్లు పెరిగి, మ్యాన్‌హోల్ మూత మాత్రం కిందే ఉండిపోతుంది. లేదా మూత పైకి లేచి ఉంటుంది. పైపుల కోసం అడ్డంగా తవ్విన గాడి మట్టితో పూడ్చి వదిలేస్తారు. వానాకాలం నీళ్లు నిలిస్తే ఏది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పదిహేడు అంగుళాలు హాయిగానే ఉంటాయి, కాదనను. కానీ ఆరాంఘర్‌లో కిందికి దిగి ఇంటికి చేరాలి కదా.

సన్న టైరుకు ఇంకో మెలిక ఉంది. టైరు సైజు తర్వాత 88 అనో 84 అనో ఒక అంకె ఉంటుంది, అది మోసే బరువుకు గుర్తు. 88 అంటే 560 కిలోలు, 84 అంటే 500. కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 మామూలుగా 88. 205/45 ఆర్17 మామూలు రకం 84 మాత్రమే, అదే సైజులో ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే) రకమైతే 88. ఎక్స్ఎల్ అయినా ఆ బరువు మోయాలంటే గాలి ఎక్కువ పట్టాలి. కొనేవాడు డిజైన్ చూస్తాడు, ఈ అంకె చూడడు.

ఇప్పుడు బరువు. అల్లాయ్ అంటే తేలిక అని అందరి నమ్మకం. ఇనుము ఘనసెంటీమీటరుకు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7. కానీ అల్యూమినియం ఇనుముకన్నా మూడో వంతే బిరుసు. అందుకని మందంగా పోయాలి. దానికి తోడు సైజు పెంచితే, పోతపోసిన పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రం కంపెనీ ఇచ్చిన పదిహేను అంగుళాల ఇనుప చక్రం కన్నా బరువు తూగినా ఆశ్చర్యం లేదు.

బరువు పెరిగితే ఏమవుతుంది? చక్రం, టైరు, బ్రేకు, హబ్బు కలిపి స్ప్రింగు కింద ఉండే బరువు. చిన్న కారులో ఒక్కో మూలా ఇది 30 కిలోల దగ్గర ఉంటుంది, స్ప్రింగు పైన ఉండేది 200 కిలోలు. పైది సెకనుకు ఒకటిన్నర సార్లు తీరుబడిగా ఊగుతుంది. కిందిది టైరుకూ స్ప్రింగుకూ మధ్య సెకనుకు పది పదిహేను సార్లు ఎగిరెగిరి పడుతుంది. రోడ్డు మీద మీటరుకొకటి చొప్పున రంబుల్ స్ట్రిప్స్ ఉన్నాయనుకోండి. నలభై స్పీడులో పోతే సెకనుకు పదకొండు దెబ్బలు, సరిగ్గా చక్రం తనంతట తాను ఎగిరే లయలో. అప్పుడు చక్రం రోడ్డును వదిలి పైకి లేస్తుంది, లేచిన క్షణంలో బ్రేకుకు పట్టు ఉండదు, స్టీరింగుకు మాట ఉండదు. ఒక్కో చక్రానికి మూడు కిలోలు కలిపితే 200 కిలోల పై బరువుకు లెక్కే కాదు. 30 కిలోల కింది బరువుకు అది పది శాతం. షాక్ అబ్జార్బరు దాన్ని అదుపు చేయలేక ముందే అలిసిపోతుంది. స్పోర్ట్స్ కారు తయారుచేసేవాళ్లు చక్రం దగ్గర ఒక్కో వంద గ్రాముల కోసం కొట్టుకునేది అందుకే.

ఇదే విషయాన్ని పెద్దది చేసి చెప్పే ఒక మాట బాగా ప్రచారంలో ఉంది: చక్రం మీద ఒక కిలో తగ్గితే బాడీ మీద పది కిలోలు తగ్గినట్టేనట. తప్పు. తిరిగే వస్తువును తిప్పడానికి అదనపు శక్తి కావాలి, నిజమే. కుమ్మరి సారె అంచున బరువుంటే ఆగనట్టే, చక్రం అంచున ఉన్న బరువు కదలడానికీ ఆగడానికీ ఎక్కువ మొండికేస్తుంది. ఆ మొండితనాన్ని కొలవొచ్చు. టైరు అంచున ఉన్న ఒక కిలో దాదాపు 1.9 కిలోలతో సమానం, రిమ్ము అంచున ఉన్న కిలో 1.4 నుంచి 1.5. మధ్యలో హబ్బు దగ్గర ఉన్న కిలో కిలోకు పైన ఏదో కొంచెం. రెండుకు మించే దారే లేదు. నాలుగు రిమ్ముల మీద పన్నెండు కిలోలు పెరిగితే ఇంజనుకు పద్దెనిమిది కిలోలు పెరిగినట్టుంటుంది. తొమ్మిది వందల కిలోల కారులో అది రెండు శాతం. పికప్‌లో తేడా గడియారానికి తెలుస్తుంది, మనిషికి కష్టం. నష్టమంతా కుదుపులోనూ పట్టులోనూ ఉంది.

తేలిక చక్రానికి ఉదాహరణ కావాలంటే జపాన్‌లో రేస్ అనే కంపెనీ 1996లో తెచ్చిన టీఈ37. ఆరు చువ్వల చక్రం, పోతపోసింది కాదు, ఘనంగా ఉన్న అల్యూమినియాన్ని ప్రెస్సులో అదిమి తీర్చింది. పదిహేను అంగుళాల, ఆరు జె (అంటే ఆరు అంగుళాల వెడల్పు) సైజులో బరువు 3.7 కిలోలు. పేరులో ఉన్న 37 అదే. అచ్చం అలాగే కనిపించే పోత నకళ్లు ప్రపంచమంతటా అమ్ముడవుతున్నాయి, మన దగ్గరా అమ్ముతారు. ఆకారం కాపీ కొట్టొచ్చు, లోహంలోని దిట్టతనం కాపీ కొట్టలేరు. అందుకని నకలు చేసేవాడు అది విరక్కుండా మందం పెంచుతాడు, లేకపోతే విరిగేదాన్నే అమ్ముతాడు. సామాన్లు తూచే చిన్న కొక్కెం కాటా వెంట తీసుకెళ్లి షాపులోనే తూచి చూసుకోండి. షాపతను నవ్వితే నవ్వనివ్వండి.

‘ఫార్ములా వన్ వాళ్లే పదమూడు నుంచి పద్దెనిమిదికి మారారు కదా’ అని అడిగే కుర్రాళ్లుంటారు. 2022లో మారారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసులోనూ పద్దెనిమిది అంగుళాల చక్రాలే తిరిగాయి. కానీ ఫార్ములా వన్‌లో ఆ మార్పు వేగం కోసం జరగలేదు. రోడ్డు మీది కార్లను పోలిన టైర్లు రేసులోనూ ఉండాలన్నది ప్రధాన కారణం, దాంతో కార్లు బరువెక్కాయి. పైగా వాళ్లవి మెగ్నీషియం చక్రాలు, ఒక్క గుంత కూడా లేకుండా చదును చేసిన ట్రాకు. రిమ్ము పెంచడానికి న్యాయమైన కారణం ఒకటుంది, లోపల పెద్ద బ్రేకు డిస్కు పట్టాలి. స్విఫ్ట్ బ్రేకుకు పదిహేను చాలు.

సైజు తేలాక చక్రాన్ని బోర్లా తిప్పి వెనకవైపు చదవాలి. చువ్వ లోపలి వైపునో హబ్బు చుట్టూనో చిన్న అక్షరాలు పోతలోనే ఉంటాయి: 15×6జె, 4×100, ఇ.టి. 45. మధ్యది పీసీడీ, అంటే నట్ల వలయం. పోలోకు ఐదు బోల్టులు, 5×100. కొన్ని ఫియట్ కార్లకు 4×98. 4×100కూ 4×98కూ మధ్య ఈ రెండు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు, గట్టిగా బిగిస్తే ఎక్కేస్తుంది కూడా. ఎక్కడమే ప్రమాదం. నట్టు ఒక పక్కకే ఆని, బోల్టు ప్రతి చుట్టుకీ వంగుతూ ఉంటుంది. వంగీ వంగీ ఒకనాడు తెగుతుంది. ఎనిమిది రంధ్రాల చక్రాలు కనిపిస్తాయే, అవి రెండు వలయాలకు పనికొచ్చేట్టు చేసినవి. చెడ్డవని కాదు, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య లోహం మాత్రం ఎంత మిగిలిందో చూసుకోవాలి.

మధ్య రంధ్రం సంగతి ఇంకా ముఖ్యం. స్విఫ్ట్ హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే చక్రాలకు అన్ని కార్లకూ సరిపోవాలని తరచుగా 73.1 రంధ్రం పెడతారు. మిగిలిన సందును పూరించే ప్లాస్టిక్ రింగు ఒకటి ఉంటుంది, దాని ఖరీదు చక్రం ఖరీదుతో పోలిస్తే చాలా తక్కువ. అది లేకుండా బిగిస్తే చక్రం కేంద్రం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది, ఎనభై దాటగానే స్టీరింగు వణుకుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు, ఎందుకంటే బ్యాలెన్సింగ్ యంత్రం మీద చక్రం సరిగ్గానే కూర్చుంటుంది.

ఇ.టి. అంటే ఆఫ్‌సెట్. చక్రం మధ్యగీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం. ఉదాహరణకు ఆరు జె, ఇ.టి. 45 చక్రం తీసేసి ఏడు జె, ఇ.టి. 35 వేశారనుకోండి. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అటు 12.7, ఇటు 12.7. మధ్యగీత పది మిల్లీమీటర్లు బయటికి జరిగింది. ఫలితం, బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికొస్తుంది, లోపలి అంచు 2.7 మాత్రమే లోపలికి పోతుంది. స్టాన్సు బాగుందంటారు. హబ్బు బేరింగు మీద మాత్రం మోత పెరుగుతుంది, స్టీరింగు ఇరుసు గీత నేలను తాకేచోటు టైరు మధ్య నుంచి దూరమవుతుంది. ఒక చక్రం గుంతలో పడితే స్టీరింగు చేతిలోంచి లాక్కున్నట్టు తిరుగుతుంది. ఎవరు ఎంత నచ్చజెప్పినా ఆఫ్‌సెట్‌ను ఐదు మిల్లీమీటర్లకు మించి కదిలించొద్దన్నది నా మాట.

విరగడం గురించి మాట్లాడాలంటే పాతబస్తీ దక్షిణపు అంచున ఉన్న కంచన్‌బాగ్ దాకా పోవాలి. దేశంలో లోహాల గురించి ఎక్కువ తెలిసిన చోట్లలో అదొకటి. రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ అక్కడే, 1973లో పుట్టిన మిధాని అక్కడే. విమానాలకూ రాకెట్లకూ కావాల్సిన లోహాలు అక్కడ కొలిమిలో పదునెక్కుతాయి. మీ అల్లాయ్ చక్రమూ అదే శాస్త్రానికి చుట్టం. ఏ356 అనే మిశ్రలోహం, అల్యూమినియంలో ఏడు శాతం సిలికాన్, మూడు పదో వంతుల మెగ్నీషియం. పోత పోశాక దాన్ని 540 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు, మెగ్నీషియం లోపల కరిగి సర్దుకుంటుంది. వెంటనే నీళ్లలో ముంచుతారు. తర్వాత 160 డిగ్రీల చుట్టుపక్కల మళ్లీ కొన్ని గంటలు. ఆ రెండో వేడిలో మెగ్నీషియం, సిలికాన్ కలిసి మామూలు సూక్ష్మదర్శినికి కూడా ఆనని రేణువులుగా తేలతాయి. లోహపు పొరలు జారకుండా అడ్డుపడేవి ఆ రేణువులే, చక్రం బలం వాటిలోనే ఉంది. ఈ గుట్టు మొదట 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ చేతికి చిక్కింది. వారాంతం సెలవుకు ముందు కొలిచిన అల్యూమినియం ముక్క, తిరిగొచ్చి కొలిస్తే గట్టిపడి కనిపించిందంటారు.

ఇప్పుడు వంగిన రిమ్మును సరిచేసే కొట్టు దగ్గరికి రండి. గ్యాస్ మంట పెట్టి, రిమ్ము అంచు కాగాక సుత్తితో కొట్టి గుండ్రం చేస్తారు. పైన రంగు వేస్తే కొత్తదానిలాగే ఉంటుంది. రెండు వందల డిగ్రీలు దాటిన వేడిలో ఆ రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, సంఖ్య తగ్గిపోతుంది, అడ్డు సడలిపోతుంది. కాలినచోట లోహం మెత్తబడింది, అది పైకి కనిపించదు. ఇనుప చక్రమైతే వంగుతుంది, కొడితే తిరిగొస్తుంది. అల్యూమినియం పోత ఒక హద్దు దాకా వంగి ఆ తర్వాత పగులుతుంది. పగులు వచ్చిన చక్రానికి వెల్డింగు పెట్టించి నడిపేవాళ్లకు దణ్ణం పెట్టడం తప్ప ఏం చేయగలం?

కొత్త చక్రం వెనక ఐఎస్ఐ గుర్తుందో లేదో చూడండి, జపాన్ సరుకైతే జేడబ్ల్యూఎల్, వీఐఏ. ఆ గుర్తుల వెనక మూడు రకాల హింస ఉంటుంది: మలుపు భారాన్ని లక్షల చుట్లు తిప్పి చూడటం, నిలువు భారంతో నడిపి చూడటం, చక్రాన్ని 13 డిగ్రీలు వంచి పైనుంచి దిమ్మె పడేయడం.

చట్టం సంగతి రెండు మాటల్లో. కారు రిజిస్ట్రేషన్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. అదే కారు వేరే మోడల్‌కు కంపెనీ స్వయంగా ఇచ్చే సైజు దాటకపోవడం మంచిది. బీమా పాలసీలో కొత్త చక్రాలు రాయించుకోవాలి, లేకపోతే క్లెయిము రోజున వాటి ఊసెత్తరు.

నా ఎంపిక అడిగితే, పదిహేను అంగుళాలు, ఆరు జె, కంపెనీ ఆఫ్‌సెట్, దొరికినంతలో తేలికైనది. మిగిలిన డబ్బు మంచి టైర్లకు. మరీ మనసు పీకుతుంటే పదహారు, అదీ ఆ కారుకు కంపెనీ ఇచ్చే సైజైతేనే.

బిగించేటప్పుడు నట్ల ముక్కు చూడండి. కొన్ని అల్లాయ్‌లకు శంకువులా ఏటవాలు ముక్కుండాలి, కొన్ని కంపెనీ చక్రాలకు గుండ్రటి ముక్కుండాలి. ఒకదానికొకటి సరిపడకపోతే నట్టు గీత మీదే ఆనుతుంది తప్ప కూర్చోదు. మరలో కూడా తేడాలున్నాయి, స్విఫ్ట్‌ది 12×1.25, ఐ20ది 12×1.5. గాలి గన్నుతో టకటకా కొట్టేయనివ్వకండి. చిన్న కార్లకు బిగింపు వంద న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, సరైన అంకె కారు పుస్తకంలో చూడండి. ముప్పై సెంటీమీటర్ల పానా చివర 34 కిలోల బలం పెడితే వంద వస్తుంది. పానా మీద ఎక్కి తొక్కితే దానికి రెట్టింపు దాటుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పట్టి చూడాలి, కొత్త రంగు పొర నలిగి నట్టు కాస్త వదులవుతుంది.

స్టెప్నీ మాత్రం పాత ఇనుప చక్రమే ఉంటుంది, దాని నట్లు వేరు కావచ్చు. ఆ నాలుగు నట్లనూ ఒక గుడ్డ సంచిలో వేసి డిక్కీలో జాకీ పక్కన పెట్టించుకోండి.